మనోడు హంటర్

2015 ఆగస్టులో నేను ఎమ్మెస్ చెయ్యడానికి సౌత్ కరోలినాలో క్లెమ్సన్ యూనివర్సిటీకి వచ్చినప్పుడు నాకు అమెరికన్ ఫుట్‌బాల్ గురించి ఒక్క ముక్క తెలీదు. నా బుర్రలో అప్పుడు తిరుగుతున్నది ఒక్కటే, ఫండింగ్. ఇక్కడికి వచ్చిన మనవాళ్ళందరికీ తెలుసు ఆ మాట బరువెంతో. ఇంటి మీద లోన్ పెట్టి వచ్చాం, ఏదైనా ప్రొఫెసర్ దగ్గర అసిస్టెంట్‌షిప్ దొరికితే ఫీజు తప్పుతుంది, దొరక్కపోతే ప్రతి సెమిస్టర్ నాన్నకి ఫోన్ చేసి నోరు పెగలక నసగాలి.

మా డిపార్ట్‌మెంట్ ఆఫీసులో ఒక పెద్దావిడ ఉండేవారు. అరవై దాటిన మనిషి, శుక్రవారం వచ్చిందంటే నారింజ రంగు స్వెటర్ వేసుకొచ్చేవారు, కుర్చీ వెనకాల 13 నంబర్ జెర్సీ ఎప్పుడూ వేలాడుతూ ఉండేది. ఫండింగ్ ఏమైనా ఉందా అని నేను వారానికోసారి ఆమె టేబుల్ దగ్గర నిలబడేవాణ్ణి, ఒకరోజు ఆమె ఆ జెర్సీ చూపించి ఈ పిల్లాడి కథ చెప్పారు. హంటర్ రెన్‌ఫ్రో. మర్టల్ బీచ్ వాడు, సముద్రం పక్క ఊరు. వాళ్ళ నాన్న హైస్కూల్ ఫుట్‌బాల్ కోచ్. స్కూల్లో క్వార్టర్‌బ్యాక్, అంటే బంతి విసిరి ఆట నడిపేవాడు, ఆడాడు గానీ బక్క ప్రాణి, క్లెమ్సన్‌కి వచ్చేటప్పటికి 70 కిలోలే. చిన్న కాలేజీలు స్కాలర్‌షిప్ ఇస్తామన్నా కాదని, ఇక్కడికి వాకాన్‌గా వచ్చాడు.

వాకాన్ అంటే ఏంటో చెప్తాను. అప్పట్లో పెద్ద కాలేజీ టీమ్ ఒక్కోటి 85 మందికే ఫుట్‌బాల్ స్కాలర్‌షిప్ ఇవ్వొచ్చు. వాళ్ళు కాకుండా సొంత డబ్బుతో చదువుకుంటూ, ప్రాక్టీసులో అందరితో సమానంగా దెబ్బలు తింటూ, మ్యాచ్‌లో దిగుతాడో లేదో గ్యారంటీ లేకుండా ఉండేవాడే వాకాన్. మొదటి ఏడాది హంటర్ మ్యాచ్‌లే ఆడలేదు, ఒళ్ళు పెంచుకుంటూ రిసీవర్ పని, అంటే విసిరిన బంతి పట్టే పని, నేర్చుకున్నాడు. 2015 సీజన్ ముందు కోచ్ డాబో స్వీనీ అతనికి స్కాలర్‌షిప్ ఇచ్చాడు. స్వీనీ కూడా ఒకప్పుడు అలబామాలో వాకాన్‌గా చేరినవాడే, 1992లో ఛాంపియన్ అయిన టీమ్‌లో రిసీవర్. అందుకే ఆ పిల్లాడిలో ఏదో కనిపెట్టి ఉంటాడు.

అంటే మా భాషలో చెప్పాలంటే, నేను దిగిన ఏడాదే హంటర్‌కి ఫండింగ్ వచ్చింది. అక్కడే కనెక్ట్ అయిపోయాను నేను. ఇంకా రూల్స్ తెలీవు, డౌన్ అంటే ఏంటో తెలీదు, కానీ మనోడు అయిపోయాడు.

క్లెమ్సన్ చాలా చిన్న ఊరు, స్టేడియంలో మాత్రం 81 వేల సీట్లు, ఊళ్ళో ఉండే జనం కంటే అవే ఎన్నో రెట్లు ఎక్కువ. మ్యాచ్ ముందు ఆటగాళ్ళు ఒక రాయిని చేత్తో తాకి గడ్డి వాలు మీంచి గ్రౌండ్‌లోకి పరిగెత్తుకుంటూ దిగుతారు, తుపాకీ మోగుతుంది, జనం అరుపుకి మన గుండె చప్పుడు మనకే వినపడదు. ఆ దిగేవాళ్ళంతా తలుపు చౌకట్టుకి సరిపోయే మనుషులు, వాళ్ళ మధ్యలో 13 నంబర్ వెతుక్కోవాలి, ఎవరి తమ్ముడో యూనిఫాం వేసుకుని వచ్చినట్టుండేవాడు. కానీ ఆట మొదలయ్యాక కథ వేరు. పది గజాలు ముందుకెళ్ళడానికి నాలుగు ఛాన్సులుంటాయి, మూడోది పోతే దాదాపు బంతి అవతలివాళ్ళకి పోయినట్టే. ఆ మూడో ఛాన్సు, థర్డ్ డౌన్, వచ్చినప్పుడు క్వార్టర్‌బ్యాక్ డెషాన్ వాట్సన్ కళ్ళు హంటర్ కోసమే వెతికేవి. రెండడుగులు ఇటు, ఒక మడమ తిప్పుడు అటు, కాపలా కాసేవాడు తూలి పడేవాడు, హంటర్ సరిగ్గా కావాల్సిన గజం దగ్గర తిరిగి నిలబడి ఉండేవాడు. వేగం కాదది, అవతలివాడి కాలు ఎప్పుడు గాల్లో ఉంటుందో కనిపెట్టి ఆ క్షణంలో తిరగడం.

2016 జనవరి 11న ఆరిజోనాలో గ్లెండేల్‌లో కాలేజీ ఛాంపియన్‌షిప్ ఫైనల్, అలబామాతో. మొదటి క్వార్టర్‌లోనే హంటర్ రెండు టచ్‌డౌన్లు కొట్టాడు, అంటే రెండుసార్లు బంతిని అవతలివాళ్ళ గీత దాటించాడు. 45-40తో ఓడిపోయాం. మర్నాడు ఆ పెద్దావిడ ఆఫీసుకి వచ్చారు గానీ ఎవరితోనూ మాట్లాడలేదు, నేను కూడా ఆ రోజు ఫండింగ్ సంగతి ఎత్తలేదు.

ఏడాది తిరిగేసరికి ఫైనల్లో మళ్ళీ అదే అలబామా, ఈసారి ఫ్లోరిడాలో టాంపా. 2017 జనవరి 9. మా అపార్ట్‌మెంట్లో ఎనిమిది మందిమి, టీవీ ఒకటే, అందరూ నేల మీదే. రాత్రి పన్నెండు దాటింది, ఇండియాలో మంగళవారం పొద్దున పదిన్నర అయ్యుంటుంది. రోజూ ఆ టైముకి ఇంటికి ఫోన్ చేసే అలవాటు, చెయ్యకపోతే అమ్మ కంగారు పడుతుందని చేసి స్పీకర్లో పెట్టి పక్కన పడేశాను. అవతల సంక్రాంతికి అమ్మ అరిసెలు మొదలుపెట్టింది, పాకం పొయ్యి మీదుంది.

ఆ మ్యాచ్‌లో హంటర్ అప్పటికే ఒక టచ్‌డౌన్ కొట్టాడు, అంతకంటే నాకు గుర్తున్నది ఇంకోటి, మనవాళ్ళు బంతి జారవిడిస్తే అలబామా డిఫెండర్ ఒకడు దాన్ని పట్టుకుని టచ్‌డౌన్‌కి పరిగెడుతుంటే హంటర్ వెంటపడి, తనకంటే ఎంతో బరువున్న మనిషిని కింద పడేశాడు. వాళ్ళకి టచ్‌డౌన్‌తో ఏడు పాయింట్లు రావాల్సిన చోట కిక్‌తో మూడే వచ్చాయి. రిసీవర్ పని కాదది. ఎవరూ అడగలేదు. లెక్కేస్తే చివరికి మేం గెలిచింది నాలుగు పాయింట్లతో, ఆ వదలని నాలుగు పాయింట్లు నాకు ఆ చివరి క్యాచ్ కంటే ఎక్కువ.

రెండు నిమిషాల ఏడు సెకన్లుండగా అలబామా 31-28 అయ్యింది. రూమ్ అంతా చచ్చిపోయినట్టయిపోయింది. వాట్సన్ మెల్లగా ముందుకు లాక్కొచ్చాడు, మధ్యలో ఒక థర్డ్ డౌన్, మళ్ళీ హంటరే, ఆరు గజాలు. చివరికి రెండు గజాల దూరం, ఆరు సెకన్లు. కిక్ కొడితే స్కోరు సమం అవుతుంది, కానీ స్వీనీ ఆడమన్నాడు. హంటర్ కుడివైపు మూలకి పరిగెత్తాడు, పక్కన ఆర్టావిస్ స్కాట్ డిఫెండర్ల దారికి అడ్డం పడ్డాడు, అంతే, గీత అవతల ఎండ్ జోన్‌లో హంటర్ ఒక్కడే. బంతి చేతుల్లో పడింది. గడియారంలో ఒక్క సెకను. 35-31. 1981 తర్వాత క్లెమ్సన్ మళ్ళీ ఛాంపియన్.

మేం అరిచిన అరుపుకి ఫోన్లో అమ్మ భయపడిపోయింది, ఏమయ్యింద్రా, ఎవరికేమయ్యింది అని, పాకం వదిలేసి ఫోన్ నాన్న చేతికిచ్చేసింది. నేను ఏడుస్తూ నవ్వుతూ, నాన్నా హంటర్ కొట్టాడు నాన్నా, ఫీజు కట్టుకుని ఆడినోడు నాన్నా అంటున్నాను, ఆయనకి ఒక్క ముక్క అర్థం కాలేదు. ఆ ఏడాది అరిసెలు గట్టిపడిపోయాయి, ఆ మాట మా ఇంట్లో ప్రతి సంక్రాంతికీ వస్తుంది.

ఇలాంటి ప్రేమ మనకి కొత్తేం కాదు. మన కాకినాడ క్రికెటర్ విహారి 2021 జనవరిలో సిడ్నీలో తొడ కండరం పట్టేసి పరిగెత్తలేక కూడా 161 బంతులు కాచుకుని 23 నాటౌట్‌గా నిలబడితే మనకి సెంచరీల కంటే ఎక్కువ గుర్తుండిపోయింది కదా. మణికట్టు విరిగినా రంజీలో ఆంధ్ర కోసం ఎడమచేతి వాటానికి తిరిగి బ్యాటింగ్ చేశాడు. ఆ రెండు చూసినప్పుడూ నాకు హంటరే గుర్తొచ్చాడు.

చదువయ్యాక నేను ఉద్యోగానికి షార్లెట్ వచ్చేశాను, హంటర్ ఇంకా రెండు సీజన్లు క్లెమ్సన్‌లోనే. 2018 సీజన్‌లో పదిహేనుకి పదిహేనూ గెలిచి మళ్ళీ ఛాంపియన్లు, వాకాన్‌గా మొదలెట్టిన వాళ్ళకిచ్చే బర్ల్స్‌వర్త్ ట్రోఫీ కూడా అతనికే. మొత్తం 186 క్యాచ్‌లు, 2,133 గజాలు. తర్వాత ప్రొఫెషనల్, ఎన్‌ఎఫ్‌ఎల్ డ్రాఫ్ట్, అంటే ప్రొఫెషనల్ లీగ్ టీమ్‌లు రౌండ్ల వారీగా కాలేజీ ఆటగాళ్ళని ఎంచుకోవడం. అక్కడ టేప్ పెట్టి కొలుస్తారు, అయిదడుగుల పది అంగుళాలు, 83 కిలోలు, 40 గజాల పరుగు 4.59 సెకన్లు. ఆ కొలతలు చూసి టీవీలో ఒక్కొక్కరూ తల అడ్డంగా ఊపుతుంటే నాకు ఒళ్ళు మండిపోయింది, ఆ రెండు ఫైనల్స్‌లో అలబామా వాళ్ళు అతన్ని కాచుకోలేకపోయిన సంగతి ఏ టేపులో కొలుస్తారు?

2019 ఏప్రిల్ 25 గురువారం మొదటి రౌండ్‌లో క్లెమ్సన్ డిఫెన్స్ నుంచి ముగ్గురు వెళ్ళిపోయారు, ఫెరెల్, విల్కిన్స్, లారెన్స్. శుక్రవారం హంటర్ పేరు రాలేదు. శనివారం మధ్యాహ్నం ఇక్కడ ఒక ఫ్రెండ్ వాళ్ళింట్లో సీమంతం, నేను ప్లేటు పట్టుకుని పులిహోర దగ్గర లైన్లో ఉండి ఫోన్ చూస్తున్నాను, నాలుగో రౌండ్ అయిపోయింది, అయిదో రౌండ్, 149వ పేరు, ఓక్లాండ్ రైడర్స్, హంటర్ రెన్‌ఫ్రో. ప్లేటు పక్కన పెట్టేసి బయటికెళ్ళి పార్కింగ్‌లో నిలబడ్డాను. రెండు నిమిషాల్లో ఆ పెద్దావిడ దగ్గర్నుంచి మెసేజ్, మన పిల్లాడు అంత దూరం వెళ్తున్నాడు, అక్కడ చలి ఎలా ఉంటుందో అని. కన్నబిడ్డని హాస్టల్లో దింపే తల్లిలాగా.

అసలు ఆ రోజు నుంచి క్లెమ్సన్ వాళ్ళం సగం మందిమి రైడర్స్ ఫ్యాన్స్ అయిపోయాం. మొదటి సీజన్‌లోనే పక్కటెముక విరిగి ఊపిరితిత్తికి దెబ్బ తగిలి మూడు మ్యాచ్‌లు ఆగాడు, తిరిగొచ్చి చివరి రెండు మ్యాచ్‌ల్లోనూ వంద గజాలు దాటాడు. అక్కడి జనం కూడా థర్డ్ అండ్ రెన్‌ఫ్రో అనడం మొదలెట్టారు, మాకు ఎప్పుడో తెలిసిందే. 2021లో 103 క్యాచ్‌లు, 1,038 గజాలు, 9 టచ్‌డౌన్లు, లీగ్‌లో మేటి ఆటగాళ్ళని పిలిచే ప్రో బౌల్‌కి ఎంపిక. తర్వాత దెబ్బలు, ఛాన్సులు తగ్గడం, 2024 మార్చిలో తీసేశారు. ఆ ఏడాదంతా ఆడలేదు, పేగుల జబ్బు, అల్సరేటివ్ కొలైటిస్, ఉన్న ఆ కాస్త బరువూ కరిగిపోయింది.

అలాంటిది 2025లో మా షార్లెట్ టీమ్ పాంథర్స్ పిలిచింది. ఆగస్టు చివర్లో తీసేశారు, కొన్ని రోజులకే మళ్ళీ పిలిచారు. అప్పుడు అమ్మానాన్నా నా దగ్గరే ఉన్నారు. సెప్టెంబర్ 14 ఆదివారం సాయంత్రం, మ్యాచ్ గ్లెండేల్‌లో, 2016లో మేం ఓడిపోయిన అదే స్టేడియం. నాన్న టీ గ్లాసు పట్టుకుని సోఫాలో నా పక్కన కూర్చున్నారు. హంటర్ ఒక టచ్‌డౌన్ కొట్టాడు, కాసేపాగి ఇంకోటి. నేను లేచి నిలబడిపోయాను, నోట మాట రాలేదు. నాన్న టీవీకి దగ్గరగా వంగి చూసి అడిగారు, "వీడేనా, ఆ రోజు ఫోన్లో..."

"వీడే నాన్నా."

"బక్కగా ఉన్నాడే పాపం."

వంటింట్లోంచి అమ్మ, "ఆ అరిసెలు పాడుచేసినవాడా?" అంటూ తుడుచుకుంటున్న చేతులతోనే వచ్చి నిలబడింది. రీప్లే వేస్తున్నారు, రెండడుగులు ఇటు, మడమ తిప్పుడు అటు. 27-22తో ఆ రోజు ఓడిపోయాం. టీవీ కట్టేస్తుంటే నాన్న అడిగారు, మళ్ళీ ఎప్పుడు ఆడతాడు రా అని.