చేపల సొరుగులో వంకాయ

ఈ రోజు ఆదివారం. పొద్దున్నే టోక్యోలో మేముండే నిషి-కసాయ్ స్టేషన్ దగ్గర కూరల కొట్టుకి వెళ్తే నిగనిగలాడే వంకాయలు కనిపించాయి. ఇక్కడివి సన్నగా, పొడుగ్గా, దాదాపు నల్లగా ఉంటాయి. చూడగానే కాల్చిన వంకాయ పచ్చడి మీదికి మనసు పోయింది. కానీ మా పొయ్యి మీద వంకాయ కాల్చడం కుదరదు.

జపాన్ గ్యాస్ పొయ్యిలో ప్రతి బర్నర్ మధ్యలో చిన్న బొడిపెలా, వేడిని కనిపెట్టే ఒక సెన్సర్ ఉంటుంది. గిన్నె అడుగు దాన్ని నొక్కుతూ ఉండాలి. మా పొయ్యికి గిన్నె లేదని తెలిస్తే మంట దానంతటదే తగ్గిపోతుంది. అందుకే పుల్కాలు మంట మీద పొంగించడం ఎప్పుడో మానేశాను. పోపు గరిటెకి బరువు చాలదు కాబట్టి పోపుకి చిన్న గిన్నె పెడతాను. దోసెల పెనం ఖాళీగా కాలుతుంటే 250 డిగ్రీల దగ్గర మళ్లీ మంట తగ్గుతుంది. దానికి ఒక బటన్ ఉంది, మూడు సెకన్లు నొక్కి పట్టుకుంటే కాసేపు ఎక్కువ వేడి ఇస్తుంది. బటన్ల మీద ఉన్నదంతా కంజీ అనే జపనీస్ లిపి. ఫోన్ కెమెరాతో చదివించుకుని, పక్కన తెలుగులో చీటీలు అంటించుకున్నాను.

మొదట్లో చాలా విసుగొచ్చేది. కారణం తెలిశాక ఆ విసుగు పోయింది. టెంపురా (మన బజ్జీల్లాంటివి) వేయిస్తూ పొయ్యి దగ్గర నుంచి పక్కకి వెళ్తే, నూనె 370 డిగ్రీల దాకా కాగి దానంతటదే అంటుకుంటుంది. అలా ఇళ్లు కాలిపోయేవి. అందుకే 2008 అక్టోబర్ నుంచి ఇళ్లలో వాడే గ్యాస్ పొయ్యిలకి అన్ని బర్నర్లలోనూ ఈ సెన్సర్ తప్పనిసరి చేశారు. మూకుట్లో నూనె అంటుకుని చేతులు కాలిన వాళ్ల సంగతి మన ఊళ్లలో వినని వాళ్లుండరు. మన పొయ్యిలకీ ఇది ఉంటే ఎంత బాగుంటుందో! పుల్కాలు పోతే పోయాయి.

వంకాయల సంచీతో లిఫ్ట్ ఎక్కితే పక్కింటి పెద్దావిడ కలిసింది. నా వచ్చీరాని జపనీస్‌లో కాల్చాలని ఉందని చెప్పాను. ఆవిడ వెంటనే, "చేపలు కాల్చే గ్రిల్ ఉందిగా!" అంది. బర్నర్ల కింద సొరుగులా ఉంటుంది అది. మేము శాకాహారులం కావడంతో పొయ్యి కొన్నప్పటి నుంచి అందులో మూతలు దాచుకుంటున్నాం. వాళ్లూ వంకాయని అందులోనే కాలుస్తారట. తొక్క తీసి, అల్లం తురుము, సోయా సాస్ వేసుకుని తింటారట. వంకాయ కాల్చుకుని తినే మనుషులు గోడ అవతలే ఉన్నారని తెలిసి భలే సంతోషం వేసింది.

మూతలు తీసేసి, గ్రిల్ కడిగి, ఆవిడ చెప్పినట్టు ట్రేలో కాసిని నీళ్లు పోశాను. వంకాయలకి చాకుతో గాట్లు పెట్టి లోపలికి తోశాను. ఆ సొరుగు పైకప్పులో నిజమైన మంటే ఉంది. ఒకసారి తిప్పాను. తొక్క నల్లబడి, ముడతలు పడి, ఆ వాసన ఇల్లంతా అలుముకుంది.

మిక్సీ జోలికి పోలేదు. మాది 230 వోల్టులది, ఇక్కడ కరెంటు 100 వోల్టులే, మధ్యలో బరువైన ట్రాన్స్‌ఫార్మర్ పెట్టాలి. పైగా మా కనెక్షన్ 30 ఆంపియర్లు, అంటే ఇంటి మొత్తానికి 3000 వాట్లు. ఈ ఎండల్లో ఏసీ ఆపలేం, రైస్ కుక్కర్ ఆన్‌లో ఉంది, ఇక మిక్సీ కూడా వేస్తే బ్రేకర్ పడిపోతుందని టెన్షన్. వంకాయ గుజ్జుని చేత్తోనే మెదిపి, పచ్చిమిర్చి చితక్కొట్టి, చింతపండు పులుసు పిండి, ఇంగువ పోపు పెట్టాను.

కారం తగ్గించి ఒక గిన్నెడు ఆవిడకిచ్చి వచ్చాను. అమ్మకి వీడియోలో చూపిస్తే, "కాలిన వాసన వచ్చిందా?" అని అడిగింది. వచ్చింది, మన పొయ్యి మీదంత కాదు గానీ వచ్చింది. వచ్చే ఆదివారం టమాటాలు కాల్చి చూడాలి. మూతలకి వేరే చోటు వెతకాలి.