కొట్టాన్ల కోసం వెళ్ళి తాటి మొవ్వ దగ్గర ఆగిపోయాం

మధ్యాహ్నం చెన్నై ఎగ్మూరులో పల్లవన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి, రాత్రి పదింటికి కారైకుడిలో దిగాం, నేనూ మా పిన్నీ. తమిళనాడులో కారైకుడి చుట్టుపక్కల ఊళ్ళనే చెట్టినాడు అంటారు. చెట్టినాడు అనగానే అందరూ ఆ పెద్ద పెద్ద ఇళ్ళ కోసమే వెళ్తారు. బర్మా టేకు స్తంభాలు, ఆత్తంగుడి నేల పలకలు, ఒక వీధిలో మొదలై ఇంకో వీధిలో తేలే హాళ్ళు. మేమూ కానాడుకాత్తాన్ అనే ఊళ్ళో ఒక పూటంతా తిరిగాం, చాలా బావున్నాయి, వాటి గురించి రాసినవాళ్ళు బోలెడు మంది ఉన్నారు కాబట్టి నేను రాయను. మేం వెళ్ళింది కొట్టాన్ల కోసం.

కొట్టాన్ అంటే తాటాకుతో అల్లిన బుట్ట. అడుగు నలుచదరంగా మొదలవుతుంది, పైకి వచ్చేసరికి మూతి గుండ్రంగా తిరుగుతుంది. ఆ నాలుగు మూలలూ ఎక్కడ మాయమయ్యాయో ఎంత చూసినా తెలీదు. చెట్టినాడు వ్యాపార కులమైన నాట్టుకోట్టై చెట్టియార్ల ఇళ్ళల్లో పెళ్ళిళ్ళకీ పేరంటాలకీ తాంబూలం, పళ్ళు, పలహారం ఇలాంటి బుట్టల్లోనే పెట్టి ఇచ్చేవాళ్ళు. ఒకప్పుడు ఇవి కొనుక్కునే వస్తువులు కావు. ఆ ఇళ్ళ ఆడవాళ్ళు, అంటే ఆచ్చీలు, మధ్యాహ్నం పనులయ్యాక కూర్చుని తమ ఇంటికోసం తామే అల్లుకునేవాళ్ళు, పైన పూసలూ లేసూ కుట్టుకునేవాళ్ళు. కుటుంబాలు ఊళ్ళు వదిలి నగరాలకి పోయాక ఆ చేతులు తగ్గాయి, స్టీలూ ప్లాస్టిక్కూ వచ్చి కూర్చున్నాయి. 2000లో విశాలాక్షి రామస్వామి పెట్టిన ఎం.ఆర్‌ఎం.ఆర్‌ఎం. కల్చరల్ ఫౌండేషన్ ఈ అల్లికని మళ్ళీ బతికించే పని మొదలుపెట్టి చుట్టుపక్కల పల్లెల ఆడవాళ్ళకి నేర్పించింది. ఆ తర్వాత యునెస్కో సీల్ ఆఫ్ ఎక్సలెన్స్ వచ్చింది, చెట్టినాడు కొట్టాన్ పేరుకి జీఐ, అంటే ఫలానా ప్రాంతపు వస్తువని ఇచ్చే భౌగోళిక గుర్తింపూ వచ్చింది.

ఇక్కడ ఒక మార్పు జరిగింది, దాన్ని మనం సరిగ్గా పట్టించుకోం అనిపిస్తుంది నాకు. అప్పట్లో అల్లినవాళ్ళకి కూలి అవసరం లేదు. ఇప్పుడు అల్లేవాళ్ళకి కూలే అవసరం. బుట్ట మాత్రం అదే.

మా పిన్నిది పశ్చిమ గోదావరి. చిన్నప్పుడు వాళ్ళమ్మతో కలిసి తాటాకు బుట్టలూ విసనకర్రలూ అల్లింది, వానాకాలం పొలానికెళ్ళే వాళ్ళకోసం గిడుగులు కట్టడం కూడా చూసింది. అందుకే ఆవిణ్ణి తీసుకెళ్ళాను. లేకపోతే నాలాంటివాళ్ళు రంగులు చూసి, ఫొటోలు తీసుకుని, రెండు బుట్టలు కొనుక్కుని వచ్చేస్తారు.

కారైకుడి నుంచి ఆటోలో ఒక పల్లెకి వెళ్ళాం. అక్కడ ఒక ఇంటి వరండాలో ఎనిమిది మంది ఆడవాళ్ళు వరసగా గోడకి ఆనుకుని కూర్చుని అల్లుతున్నారు. ఇద్దరు తప్ప అందరూ నలభై దాటినవాళ్ళే. మాతో వచ్చిన ఆటో అతనికి తెలుగు వచ్చు. వాళ్ళ తాతలు ఇంట్లో తెలుగే మాట్లాడేవాళ్ళట, తరాల కిందటే తమిళనాడులో స్థిరపడ్డ ఆ నాయకర్ల తెలుగు వింటుంటే యాస కొత్తగా ఉన్నా మాటలన్నీ మనవే. ఆయనే దుబాసీ.

పని ఎలా జరుగుతుందో చెప్తాను, ఎందుకంటే నాకు కళ్ళు తెరుచుకుంది అక్కడే. కావలసింది విచ్చుకోని లేత ఆకు, మనం మొవ్వ అనేది. చెట్టు నడినెత్తిన బల్లెంలా ముడుచుకుని ఉంటుంది. విచ్చుకున్నాక కోస్తే పచ్చబడి గరుకైపోతుంది, అల్లికకి పనికిరాదు. కోసిన మొవ్వని విప్పి ఎండలో ఆరబెడతారు, పాలమీగడ రంగులోకి తిరుగుతుంది. ఒక్కో ఆకుకీ నడిమి ఈనె తీసేయాలి. వాళ్ళు ఈర్క్కు అన్నారు, పిన్ని ఈనె అంది, ఇద్దరూ ఒకదాన్నే చూపిస్తున్నారు. తర్వాత ఆకుని పట్టీలుగా చీలుస్తారు. అన్ని పట్టీలూ ఒకే వెడల్పు రావాలి, లేకపోతే బుట్ట మూతి వంకర పోతుంది. రంగు వేయాల్సినవాటిని మరిగే రంగునీళ్ళలో ముంచి తీసి నీడలో ఆరబెట్టాలి. అల్లే ముందు మళ్ళీ తడి చేసుకోవాలి. పొడిబారితే మడత దగ్గర ఫట్‌మని విరుగుతుంది. ఒక్కొక్కరి పక్కనా తడిగుడ్డలో చుట్టిన పట్టీల కట్ట ఉంది. వేసవిలో వడగాలి మొదలయ్యాక గంటకోసారి ఆ గుడ్డ తడుపుతూనే ఉండాలట. ఐప్పసి, కార్త్తిగై నెలల్లో, అంటే మన ఆశ్వయుజ కార్తీకాల్లో, అక్కడ వానలు పట్టుకుంటాయి కదా, అప్పుడు ఆకు ఆరదు, బూజు పడుతుంది. ఎండా ఇబ్బందే, వానా ఇబ్బందే.

నేను ఇదంతా నోట్‌బుక్‌లో రాసుకుంటున్నాను. పిన్ని ఊరుకోలేదు. "రోజుకి ఎంత గిట్టుతుందమ్మా?" అని నేరుగా అడిగేసింది. నేను అడగడానికి మొహమాటపడుతున్న మాట అదే. వాళ్ళలో ఒకావిడ ఏమీ అనుకోలేదు, నవ్వి, "బుట్టకి ఇంత అని లెక్క అక్కా, రోజుకి కాదు" అంది. అరచెయ్యంత కొట్టాన్‌కి ఒక ధర, మూత ఉన్నదానికి ఇంకో ధర. పిన్ని వదల్లేదు. ఈనె తీసినదానికి? పట్టీలు చీల్చినదానికి? రంగు పొయ్యి దగ్గర నిలబడ్డదానికి? ఆరబెట్టి, వానొస్తే లోపలికి పరిగెత్తి తెచ్చినదానికి? ఆ ఎనిమిది మందీ ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు. అవన్నీ బుట్ట ధరలోనే ఉన్నాయంది ఒకావిడ. ఉన్నాయా అంది పిన్ని. ఆవిడ కాసేపు వేళ్ళ మీద లెక్క పెట్టుకుని, "బుట్ట అల్లడం రెండు గంటలు. దానికి ముందు పని కూడా దగ్గర దగ్గర అంతే అవుతుంది. ఆ మాట మమ్మల్ని ఎవరూ అడగలేదు" అంది.

నేను ఇంతవరకూ చేతివృత్తుల గురించి చదివిన ప్రతిచోటా అల్లిక గురించే ఉంటుంది, నమూనాల గురించి, సంప్రదాయం గురించి. అల్లికకి ముందు పని గురించి ఒక్క ముక్క ఉండదు. బుట్ట ధర చూసి "తాటాకు బుట్టకి ఇంతా!" అనేవాళ్ళు మనలో చాలామంది, నేను కూడా ఒకప్పుడు అన్నాను. ఇప్పుడు ఆ మాట గుర్తొస్తే నాకు చాలా బాధగా ఉంది.

అయినా ఆ వరండాలో ఏడుపు మొహాలేమీ లేవు, అది కూడా చెప్పాలి. ఒకావిడ ఈ డబ్బుతోనే కూతుర్ని నర్సింగ్ చదివించింది. ఇంకొకావిడకి ఎండలో నాట్లకి వంగే ఓపిక లేదు, నడుంనొప్పి, ఇక్కడైతే నీడపట్టున కూర్చోవచ్చు, మధ్యలో ఇంటికెళ్ళి పొయ్యి మీద అన్నం పెట్టి రావచ్చు. బ్యాంకు పాస్‌బుక్ తన పేరు మీద ఉండటం గురించి చాలాసేపు చెప్పింది. కాకపోతే చూపుడువేలు చివర్లన్నీ గీతలు గీతలుగా చీలి ఉన్నాయి అందరికీ, కళ్ళజోళ్ళు లేనిదే లేసు కుట్టలేకపోతున్నారు. కూతుళ్ళు నేర్చుకుంటున్నారా అంటే లేదు. నర్సింగ్ చదివిన అమ్మాయి వచ్చి కూర్చుని అల్లాలని ఆ తల్లీ కోరుకోవడం లేదు, నాకూ కోరుకోవాలని లేదు.

పిన్ని ఒక బుట్ట అడుగు అల్లి చూపించింది, మన గోదావరి బుట్ట మొదలుపెట్టే పద్ధతిలో. వాళ్ళు దాన్ని తిప్పి చూసి, మీ అంచు వేరు అన్నారు. దాని మీద అరగంట మాట్లాడుకున్నారు, ఆటో అతను కూడా మధ్యలో చెప్పడం మానేశాడు.

బయల్దేరేముందు ఆకు ఎక్కణ్ణుంచి వస్తుందని అడిగాను. రామనాథపురం వైపు నుంచి కట్టలు వస్తాయి, ఎక్కేవాళ్ళు తగ్గిపోతున్నారు, మాకు పనిలేని రోజులన్నీ ఆకు రాని రోజులే అన్నారు.

మర్నాడు మేం ఎలాగూ రామేశ్వరం వెళ్ళాలి. దేవకోట్టై మీదుగా రామనాథపురం దారిలో ఎటు చూసినా తాటిచెట్లే. తాటిచెట్టు తమిళనాడు రాష్ట్ర వృక్షం, 2021లో కలెక్టర్ అనుమతి లేకుండా తాటిచెట్టు నరకకూడదని కూడా అక్కడి ప్రభుత్వం ప్రకటించింది. చెట్టుని కాపాడే మాట అది. చెట్టెక్కే మనిషి సంగతి వేరే ఉంది.

రోడ్డు పక్కన మొవ్వలు కట్ట కడుతూ ఒక పెద్దాయన కనిపిస్తే కారు ఆపించాం. అరవై పైనే ఉంటాయి. కాళ్ళకి నారతో చేసిన బంధం ఒక్కటి, చెట్టుని రెండు చేతులా కావలించుకుని పైకి పాకడం, అంతే. మన దగ్గర గీత కార్మికులు మోకుతో ఎక్కుతారు, తెలంగాణలో 2024 నుంచి కాటమయ్య రక్షణ కవచం పేరుతో జారిపడకుండా పట్టే కిట్లు ఇస్తున్నారు. అది చెప్తే ఆయన శ్రద్ధగా విన్నాడు, ఎలా కట్టుకుంటారని రెండుసార్లు అడిగాడు. ఆయన గుండెల మీద చర్మం చెట్టు బెరడులాగే గట్టిపడి ఉంది. కల్లుకైనా పదనీరుకైనా (పులియని తీపి నీరాకి) ఎక్కితే రోజూ డబ్బు, మొవ్వకి అలా కాదు. చెట్టుకి నెలకి ఒక ఆకు వస్తే ఎక్కువ, వచ్చిన మొవ్వనల్లా కోస్తే చెట్టు నీరసించిపోతుంది, అందుకని ఒక చెట్టు కోసి కొన్నాళ్ళు వదిలేసి ఇంకో చెట్టుకి పోవాలి. అంత ఎత్తు ఎక్కి దిగితే చేతికొచ్చేది ఒకటో రెండో మొవ్వలు. కొడుకులిద్దరూ తిరుప్పూరులో బనియన్ల కంపెనీలో ఉన్నారు.

ఈ ఆకు ఏమవుతుందో తెలుసా అని పిన్ని అడిగింది. బుట్టలు చేస్తారట, ఎక్కడో, అన్నాడు. పిన్ని సంచిలోంచి మేం కొన్న కొట్టాన్ తీసి చేతిలో పెట్టింది. ఆయన చేతులు తుండుగుడ్డకి తుడుచుకుని తీసుకున్నాడు. పైనున్న రంగులూ పూసలూ పెద్దగా చూడలేదు. బోర్లించి అడుగు చూశాడు, లోపల వేలు పెట్టి ఒక్కో పట్టీ నెమ్మదిగా తడిమాడు. ఒకచోట ఆగాడు. మిగతావన్నీ తెల్లగా ఉన్నాయి, అక్కడ ఒక్క పట్టీ అంచు మాత్రం కాస్త పచ్చగా ఉంది, మేం అప్పటిదాకా గమనించనే లేదు.

"ఇది వారం ఆలస్యంగా కోశారు" అన్నాడు. "నేను కోసింది కాదు."