ఎర్రదిబ్బల కింద చెలమ

విశాఖ దగ్గర తొట్లకొండకి ఎదురుగా, బీచ్ రోడ్డు పక్కన తోపుడు బండి మీద నీళ్ళ సీసా ముప్పై రూపాయలు. సీసా మీద ఇరవై అని ముద్రించి ఉంది. అదేమని అడిగితే కూలింగ్ ఛార్జీ అన్నాడు. పట్టుకుని చూస్తే చల్లగా కూడా లేదు. అనంతపురం జిల్లాలో పుట్టి పెరిగినవాణ్ణి, నీళ్ళకి ఎక్కువ అడిగితే నాకు ఒళ్ళు మండుతుంది. "పోనీలే నాన్నా, ఎండెక్కుతుంది, పద" అని మా అమ్మాయి రెండు సీసాలు కొని సంచీలో వేసుకుంది.

సంక్రాంతి వెళ్ళిన వారం అది. అమ్మాయికి విశాఖలో ఉద్యోగం వచ్చి రెండేళ్ళయింది. వచ్చిన ప్రతిసారీ ఆర్కే బీచ్, కైలాసగిరి చూసి రైలెక్కేస్తున్నానని దాని ఫిర్యాదు. ఈసారి మూడు రోజులు నడిపిస్తానంది.

మొదటి రోజు కంబాలకొండ. జాతీయ రహదారి మీద లారీల హోరు పది నిమిషాలు లోపలికి నడిచేసరికి ఆగిపోయింది. ఒకప్పుడు విజయనగరం రాజుల ఏలుబడిలో ఉన్న అడవి, 2002లో అభయారణ్యమైంది. దాదాపు 70 చదరపు కిలోమీటర్లు, నగరం ఒళ్ళోనే. చిరుతలున్నాయంటారు, మాకు కనబడలేదు. హుద్‌హుద్ తుపానుకి ఎన్ని చెట్లు కూలాయో అమ్మాయి చెబుతూ ఉంది. నీడలో నడిచాం, తిరిగొచ్చాం. ఆ రోజు గురించి అంతకంటే రాయడానికి లేదు.

రెండో రోజు ఎక్కిన తొట్లకొండ సంగతి వేరు. ఎత్తు సుమారు 128 మీటర్లే, పైకి తారురోడ్డు కూడా ఉంది. మేం రోడ్డు వదిలి పక్కన కాలిబాటన ఎక్కాం. మా వైపు గుట్టలంటే గ్రానైటు గుండ్లు. చేత్తో తడిమితే నున్నగా, ఎండకి కాలిపోతూ ఉంటాయి. ఇక్కడి రాయి ఖోండలైట్, ఈ కొండల్లోని కోందు గిరిజనుల పేరే దానికి పెట్టారు. తడిమితే తుప్పురంగు పొడి అరచేతికి అంటుకుంది. ఆ పొడి నాకు మధ్యాహ్నం మళ్ళీ కనబడుతుందని అప్పుడు తెలీదు.

పైన బౌద్ధారామం. మహాస్తూపం, భిక్షువుల గదులు, భోజనశాల, అన్నీ పునాదుల మట్టానికి మిగిలాయి. 1976లో నౌకాదళం వాళ్ళు విమానంలో సర్వే చేస్తుంటే ఇది బయటపడిందట. 1988 నుంచి 1992 దాకా పురావస్తుశాఖ తవ్వింది. శాతవాహనుల నాణేలతో పాటు రోము వెండి నాణేలూ దొరికాయి. అక్కడ నిలబడి ఎదురుగా సముద్రం చూస్తే రోము వాళ్ళ నాణేలు ఇక్కడికెలా వచ్చాయన్న ప్రశ్నే రాదు.

నన్ను అక్కడ కూర్చోబెట్టినవి మాత్రం స్తూపాలు కాదు, తొట్లు. రాతిని తొలిచి చేసిన నీటి తొట్లు. కొండకి పేరు వాటివల్లే వచ్చింది. కొండ మీద వాగు లేదు. పడిన వానని పోనివ్వకుండా రాతిలోనే పట్టి ఉంచుకున్నారు. రెండు వేల ఏళ్ళ కిందట ఎవరో ఉలితో కొట్టిన గోడ అది. ఒక తొట్టి అంచున కూర్చుని లోపలికి చూస్తే అడుగున ఇంకా పచ్చటి నీళ్ళు.

మా ఊరి గుట్ట మీద ఒక దొన ఉంది. దాన్ని ఎవరూ తొలచలేదు, రెండు గుండ్ల మధ్య దానంతటదే ఏర్పడింది. వేసవి సెలవుల్లో మేకల వెంట వెళ్ళి, నాచు పక్కకి తోసి, దోసిలితో తాగేవాళ్ళం. దొన ఎండిపోయిందంటే ఆ ఏడు కరువని మా తాత లెక్క. ఆ మాట చెబితే అమ్మాయి, "నాకు ఎప్పుడూ చూపించలేదే" అంది. నిజమే, చూపించలేదు. అది పుట్టేనాటికే మా ఇంట్లో బోరుబావి పడింది. అదీ ఎండాక ట్యాంకరు.

తొట్లకొండ దిగేసరికి పదకొండు. రెండు సీసాల్లో ఒకటి ఖాళీ. మంగమారిపేట దగ్గర ఒడ్డున సముద్రం తొలిచిన రాతి తోరణం చూశాం. తిరుమల కొండ మీది శిలాతోరణం దీనికి అన్నలా ఉంటుంది. దీన్ని అల ఇప్పటికీ కొడుతూనే ఉంది. అక్కడ ఎక్కువసేపు నిలవలేదు. భీమిలి వెళ్ళే 900కె బస్సు దొరికితే ఎక్కి ఎర్రమట్టి దిబ్బల దగ్గర దిగాం.

దిబ్బల ముందు పెళ్ళి ఫొటోల జంటలు వరసలో నిలబడి ఉన్నారు. వాళ్ళని దాటి ఐదు నిమిషాలు లోపలికి వెళితే మనిషి లేడు. రెండువైపులా ఇద్దరు మనుషులంత ఎత్తు ఎర్రగోడలు, వాననీరు కోసిన సన్నటి సందులు. సందులోంచి సందు. పైన జీడిమామిడి చెట్ల వేళ్ళు గాలిలో వేలాడుతున్నాయి. కింద ఇసుక, మెత్తగా, పాదం మునిగేంత. గోడ తడిమి చూసుకుంటే పొద్దున కొండ మీద అంటిన ఆ తుప్పురంగే. తూర్పు కనుమల రాయి అరిగి, ఇసుకై, గాలి పోగుచేస్తే ఇలా దిబ్బలైంది. అందులోని ఇనుము తుప్పుపట్టి ఈ ఎరుపు వచ్చింది. వేల ఏళ్ళ పని. 2014లో జియలాజికల్ సర్వే దీన్ని జాతీయ భూవారసత్వ స్థలంగా ప్రకటించింది. అంత పేరున్న గోడ మీద ఎవరెవరి పేర్లో మేకుతో గీసి ఉన్నాయి. ఒక పేరు మీద చెయ్యిపెట్టి చెరిపేద్దామని చూస్తే గోడే రాలింది. ఆపేశాను.

గంట తిరిగాక దారి తప్పాం. ఫోనులో సిగ్నల్ లేదు. రెండో సీసా కూడా అయిపోయింది. అప్పుడు మేకల గంటలు వినబడ్డాయి. ముందు నాలుగు మేకలు, వెనక చంకలో పుల్లల మోపుతో ఒక ముసలామె.

"ఏటి బాబూ, దారి తప్పిపోనారా?"

"అవునవ్వా. నీళ్ళు దొరుకుతాయా ఇక్కడ?"

ఆమె నన్నొదిలి అమ్మాయి వైపు చూసింది. "అవ్వ అంతన్నాడేటమ్మా మీ నాన్న? ఏ ఊరు మీది?"

అనంతపురం అని చెప్పాను. శానా దూరం, వానలు తక్కువ అని చెప్పాను. తలూపి, "నా ఎనకాల రండి" అని నడిచింది. అరవై దాటినదాని నడకలా లేదు అది. సందుల్లోంచి దింపి దింపి, గెడ్డ దారి పట్టించి, సముద్రం హోరు వినబడే చోటికి తెచ్చింది. గెడ్డ అంటే వాగు, ఈ ప్రాంతపు మాట. గెడ్డలో నీరు కనబడలేదు, ఇసుక మాత్రం కొంచెం నల్లగా ఉంది.

"ఇక్కడ సెలమ తీసుకోండి" అంది.

ఆ మాట వినగానే నా ఒళ్ళు జలదరించింది. చెలమ. ఐదో తరగతిలో మా చిత్రావతి ఏటి ఇసుకలో మా అమ్మ తీసిన చెలమ. ఇత్తడి బిందె పక్కన పెట్టి, మోకాళ్ళ మీద కూర్చుని, రెండు చేతులా ఇసుక తోడేది. మొదట ఊరిన బురదనీళ్ళు కొబ్బరి చిప్పతో బయట పారబోసేది. తరవాత కదలకుండా కూర్చోమనేది. కదిలితే నీళ్ళు కలకబారతాయని. నిమిషం, రెండు నిమిషాలు. అడుగున ఇసుక రేణువులు కనబడేంత తేటగా నీళ్ళు ఊరేవి.

నేను మోకాళ్ళ మీద కూర్చుని తవ్వాను. మూరెడు లోతు పోయేసరికి చేతికి చల్లదనం తగిలింది. మొదటి నీళ్ళు పారబోసి, అమ్మాయిని కదలొద్దన్నాను. ముగ్గురం అలాగే చూస్తూ కూర్చున్నాం. యాభై అడుగుల దూరంలో ఉప్పు సముద్రం. ఊరిన నీళ్ళు దోసిట్లోకి తీసుకుని తాగితే తియ్యగా ఉన్నాయి.

"దిబ్బ తాగిన వాన ఇది," అంది ఆమె. "ఏడాదంతా కొంచెం కొంచెం ఒదులుద్ది. ఇసక ఉన్నన్నాళ్ళు నీరుంటది. పైన సదును సేసేత్తన్నారు బాబూ. దిబ్బ పోతే నీరెక్కడ ఆగుద్ది?"

వస్తూ రోడ్డు వైపు చదును చేసిన నేల చూశాం, ఎర్రటి గాయంలా. దానికి అనుమతులున్నాయా లేవా అన్న వాదన పత్రికల్లో చదివాను. ఆమె చెప్పింది మాత్రం నాకు వాదన అక్కర్లేకుండా తెలుసు. చిత్రావతిలో ఇసుక లారీలకెక్కింది. ఇప్పుడు అమ్మ కూర్చున్న చోట తవ్వితే రాయి తగులుతుంది, నీరు కాదు. ఆ మాట ఆమెకి చెప్పాను. ఆమె ఏమీ అనలేదు, మేకని అదిలించి, ఖాళీ సీసా వైపు చెయ్యి చూపింది. అమ్మాయి దాన్ని చెలమలో ముంచి నింపుకుంది.

డబ్బులివ్వబోతే తీసుకోలేదు. సంచీలో ఉన్న సంక్రాంతి అరిసెలు ఇస్తే కొంగులో కట్టుకుంది.

భీమిలి చేరేసరికి సాయంత్రం. రోడ్డు పక్కన కాల్చిన తేగలు కట్ట యాభై రూపాయలంటే బేరం చెయ్యకుండా కొన్నాను. గోస్తని సముద్రంలో కలిసే చోట కూర్చుని తిన్నాం. డచ్చివాళ్ళ సమాధులు చూడలేదు. మూడో రోజు పావురాలకొండ ఎక్కాలని అమ్మాయి ముందే అనుకుంది. పొద్దున్నే లేచి టీ తాగాక, "నాన్నా, మళ్ళీ అక్కడికే పోదామా?" అని అడిగింది.

వెళ్ళాం. ఆమె లేదు, మేకల్లేవు. నిన్న తీసిన చెలమ రాత్రికి ఇసుకతో పూడిపోయి, చిన్న గుంట ఆనవాలు మాత్రం మిగిలింది. నేను వంగబోతే అమ్మాయి ఆపింది. చున్నీ నడుముకి చుట్టుకుని, మోకాళ్ళ మీద కూర్చుని తనే తవ్వింది. బురదనీళ్ళు పారబోసి, నా వైపు తిరిగి, కదలొద్దంది.