పాలీటన్నెల్‌లో గోంగూర, చిక్కుడు

ఇంగ్లండులో కౌన్సిళ్లు కూరగాయలు పండించుకోవడానికి ఏడాది అద్దెకు ఇచ్చే అలాట్‌మెంట్ సంప్రదాయంగా 10 పోల్స్, అంటే సుమారు 302 చదరపు గజాలు ఉంటుంది. లెస్టర్‌లో మాకు దక్కింది అందులో సగం, మన లెక్కలో మూడు సెంట్ల పైచిలుకు. మొదటి రెండేళ్లు అన్నీ ఆరుబయటే వేశాను. బెండ జానెడు పెరిగి ఆగిపోయింది. టమాటా మొక్కలు కాయ పండే వేళకు ఆగస్టు వానల్లో మాడు తెగులు సోకి, వారం తిరగకుండానే కాడలతో సహా నల్లబడ్డాయి.

మూడో ఏడు కౌన్సిల్ అనుమతి తీసుకుని, 10 అడుగుల వెడల్పు, 20 అడుగుల పొడవు ఉన్న పాలీటన్నెల్, అంటే విల్లుల మీద ప్లాస్టిక్ కప్పిన సొరంగంలాంటి పందిరి, కొన్నాను. జింకు పూత వేసిన ఇనుప గొట్టాల విల్లులను నిలబెట్టడం ఒక శనివారంతో తీరిపోయింది గాని, అసలు పని 720 గేజ్, అంటే 180 మైక్రాన్ల మందం ఉన్న పాలిథిన్ కప్పడంలో ఉంది. రెండు పక్కలా అడుగు లోతు కాలువ తీసి, కవరు అంచులను అందులోకి దింపి మట్టితో పూడ్చి తొక్కితే, ఆ బరువే గాలికి కవరు లేచిపోకుండా పట్టి ఉంచుతుంది. ఎండకు కాగిన గొట్టం ఆనిన చోట ప్లాస్టిక్ త్వరగా చివికిపోతుంది గనుక ముందుగా విల్లుల మీద నురుగు టేపు అంటించాలి. ఇవన్నీ శ్రద్ధగానే చేసి, ఆత్రం ఆపుకోలేక మార్చి నెల చలిలో కవరు వేసేశాను. చలికి బిర్రుగా ఉన్న పాలిథిన్ ఎండ ముదిరేకొద్దీ సాగి, జూన్ నాటికి గాలి వీచినప్పుడల్లా తడి దుప్పటి దులిపినట్టు టపటప కొట్టుకోసాగింది. పక్క స్థలంలో మెంతికూర వేసే గుజరాతీ పెద్దాయన చూసి, “ఎండ వచ్చేదాకా ఆగవలసింది, బేటా” అన్నారు. ఒక పక్క మట్టి తోడి, మిట్టమధ్యాహ్నం నలుగురం పట్టి లాగి, మళ్లీ పూడ్చాం. సాయంత్రం చల్లబడ్డాక వేలితో కొడితే కవరు డప్పులా మోగింది.

ఎండ కాసిన రోజు తలుపులు మూసి ఉంచితే లోపల 40 డిగ్రీలు దాటుతుంది, పూత రాలిపోతుంది. అందువల్ల ఆఫీసుకు వెళ్లే ముందే రెండు తలుపులూ తీసి వస్తాను. ఆ పొడి వేడికి వంగ ఆకుల అడుగున ఎర్రనల్లి చేరుతుంది కాబట్టి నడిచే దారిని కూడా తడుపుతాను. రాత్రి చలిని మాత్రం ఈ పలుచని పొర పెద్దగా ఆపదు. మే మధ్య దాకా నారు మీద పలుచటి ఫ్లీసు గుడ్డ కప్పక తప్పదు. ఆకు మీద వాన పడదు గనుక టమాటాకు తెగులు బెడద బాగా తగ్గింది.

నేను ఊహించనిది పగటి పొడవు. టన్నెల్ వెచ్చదనాన్ని ఇవ్వగలదు గాని, జూన్‌లో 16 గంటలకు పైగా సాగే ఇక్కడి పగటిని కుదించలేదు. పగలు పొట్టిబడితేనే పూతకు వచ్చే గోంగూరకు ఇది వరమైంది: పూత ఊసు లేకుండా సెప్టెంబరు దాకా ఆకే ఇచ్చింది, పచ్చడికి పోగా పప్పుకూ మిగిలింది. మా ఊరి నుంచి తెచ్చుకున్న చిక్కుడు విత్తనానిదీ అదే స్వభావం. తీగ కప్పు దాకా పాకి, పక్కనున్న వంగకు వెలుతురు లేకుండా చేసి, మొదటి పూలగుత్తి అక్టోబరులో వేసింది. సంక్రాంతికి కాసే చిక్కుడు తన లెక్క తప్పలేదు, చలి మాత్రం దానికోసం ఆగలేదు. ఒక్క కాయ కూడా గింజ పట్టలేదు.

ఈ ఏడు ఆ మూల సొరపాదు పెట్టాను. దాని పూలు సాయంత్రం విచ్చుకుంటాయి, ఆ వేళకు లోపలికి పురుగులేవీ రావడం లేదు. అందుకని అన్నం తిన్నాక మళ్లీ వెళ్లి, మగపువ్వు తుంచి ఆడపువ్వుకు నేనే అద్ది, తలుపులు మూసి వస్తున్నాను.