మాస్కు తీయడం దగ్గరే ఆగిపోయాను

నిన్న సాయంత్రం అండమాన్‌లోని హావ్‌లాక్ దీవి నుంచి పోర్ట్‌బ్లెయిర్ వచ్చాను. వరసగా డైవ్‌లు చేశాక కనీసం 18 గంటలు విమానం ఎక్కకూడదు కాబట్టి లాడ్జిలోనే ఉన్నాను. స్కూబా డైవింగ్‌లో మొదటి మెట్టయిన ఓపెన్ వాటర్ కోర్సు పూర్తయింది. మనసులో మంట చల్లారకముందే రాసేస్తున్నా.

థియరీ ఇంటి దగ్గరే ఆన్‌లైన్‌లో చదువుకున్నాను. 200 మీటర్ల ఈత, పది నిమిషాలు నీళ్ల మీద తేలడం నాకు లెక్కే కాదు, గోదావరి ఒడ్డున పెరిగినదాన్ని. మెడికల్ ఫారంలో చిన్నప్పటి ఉబ్బసం గురించి ఉన్నదున్నట్టు రాశాను. డాక్టరు సంతకానికి ఒక పూట పోయింది. "ఎందుకు రాశావు, దాచేయాల్సింది" అన్నారు తెలిసినవాళ్లు. ఊపిరితిత్తుల విషయంలో ఆ పని మాత్రం చేయకండి.

అసలు కథ మాస్కు దగ్గర మొదలైంది. నిలువు లోతు నీళ్లలో మోకాళ్ల మీద కూర్చుని, మాస్కు పూర్తిగా తీసేసి, ఒక నిమిషం సిలిండర్ గొట్టంలోంచి నోటితోనే గాలి పీల్చాలి. తర్వాత మాస్కు పెట్టుకుని, ముక్కుతో గాలి ఊది లోపలి నీళ్లు బయటికి పంపాలి. మాస్కు తీయగానే ముక్కులోకి ఉప్పునీళ్లు ఎక్కాయి. దగ్గుతూ పైకి లేచిపోయాను. నాలుగుసార్లూ అంతే. నాతోపాటు నేర్చుకుంటున్న ముగ్గురు కాలేజీ పిల్లలు నా కోసం ఇసుకలో కూర్చుని ఎదురుచూశారు. వాళ్లలో ఒకడు వాచీ చూసుకోవడం నాకు కనబడింది.

ఒడ్డుకొచ్చాక డైవింగ్ దుకాణం కౌంటర్లో ఉన్నాయన అందరూ వింటుండగా, "మేడమ్, ఇది మీవల్ల కాదు. చెయ్యి పట్టుకుని ఒక రౌండ్ తిప్పుతాం, ఫొటోలు తీసుకుని వెళ్లండి. డబ్బులు మాత్రం వెనక్కి రావు" అన్నాడు. డబ్బు కట్టేటప్పుడు ఇదే మనిషి కుర్చీ వేశాడు. మీరు మాత్రం డబ్బు కట్టే ముందే అడగండి: ఒక స్కిల్ రాకపోతే అదనపు రోజు ఇస్తారా, దానికెంత తీసుకుంటారు అని.

నన్ను నిలబెట్టింది ఇన్‌స్ట్రక్టరే. పోర్ట్‌బ్లెయిర్‌లో పుట్టిన కుర్రాడు, తాతగారిది శ్రీకాకుళం. "అక్కా, మీకు భయం కాదు, ముక్కు అలవాటు. రాత్రికి బకెట్లో ప్రాక్టీస్ చేయండి" అన్నాడు. గదిలో బకెట్ నింపి, మాస్కు లేకుండా స్నార్కెల్ (గాలి పీల్చే గొట్టం) నోట్లో పెట్టుకుని ముఖం ముంచాను. నోటితో లోపలికి, ముక్కుతో బయటికి. బుడగలు పెదవి మీదుగా బుగ్గలకు తగులుతూ పోతున్నాయి. మొదట ఎనిమిది అంకెలు లెక్కపెట్టేసరికి తల ఎత్తేశాను. పదకొండు గంటలకి అరవై దాటింది. మర్నాడు ఒక్కసారికే అయిపోయింది.

మూడో డైవ్‌లో, 14 మీటర్ల దగ్గర, ముందువాళ్ల కాలి ఫిన్ (ఈత తెడ్డు) తగిలి నా మాస్కు నిండా నీళ్లొచ్చాయి. తల కొంచెం పైకెత్తి ముక్కుతో ఊదేశాను. మొదటిరోజులా కంగారుపడి, ఊపిరి బిగబట్టి పైకి లేచి ఉంటే ఊపిరితిత్తుల్లో గాలి ఉబ్బి అవి చిట్లే ప్రమాదం ఉండేది. కోర్సులో మొదటి రెండు డైవ్‌లు 12 మీటర్లు దాటకూడదని, తర్వాతి రెండూ 18 దాటకూడదని ఎందుకన్నారో అక్కడ తెలిసింది. 18 దగ్గర పైనకంటే 2.8 రెట్లు గాలి ఖర్చవుతుంది, 30 దగ్గర నాలుగు రెట్లు. డైవింగ్ శిక్షణ సంస్థ PADI టేబుల్ ప్రకారం, మధ్యలో ఆగకుండా నేరుగా పైకి రావాలంటే కింద ఉండగలిగే సమయం 18 దగ్గర 56 నిమిషాలైతే, 30 దగ్గర 20 నిమిషాలే. పైగా ఆ లోతులో నైట్రోజన్ వల్ల మత్తు మొదలవ్వచ్చు. 30కి వెళ్లాలంటే అడ్వాన్స్‌డ్ కోర్సు చేయాలి. అందులో ఐదు డైవ్‌లు, వాటిలో డీప్ (లోతు), నావిగేషన్ (నీళ్లలో దారి కనుక్కోవడం) తప్పనిసరి. ఇంకో దుకాణం మనిషి జెట్టీ దగ్గర "కోర్సు కార్డు ఎవరు చూస్తారు, 30కి తీసుకెళ్తాం రండి" అన్నాడు. అలాంటివాళ్ల పడవ ఎక్కకండి. కార్డు చూడనివాడు సిలిండర్ మాత్రం చూస్తాడా?

పొద్దున ఫోన్లో మా పాప తనూ నేర్చుకుంటానంది. పదేళ్లు నిండాయి కాబట్టి జూనియర్ కోర్సు చేయొచ్చు, 12 మీటర్ల దాకా. ముందు వాళ్ల నాన్నని పక్కన కూర్చోబెట్టుకుని, నా స్నార్కెల్‌తో బకెట్లో అరవై లెక్కపెట్టమన్నాను. ఇప్పుడే మెసేజ్ వచ్చింది, ముప్పై దాకా వచ్చిందట.