మూడులోంచి ఐదు పోదు

ఏడో తరగతిలో పూర్ణసంఖ్యల పాఠం మొదలుపెట్టబోతూ లెక్కల మాష్టారు బోర్డు మీద 3 − 5 వేసి, జవాబు నోటుబుక్కులో రాయమన్నారు. నేను 'కుదరదు' అని రాశాను. బద్ధకించి కాదు, నమ్మి రాశాను. చిన్న సంఖ్యలోంచి పెద్దది పోదని మూడో తరగతిలో టీచర్ గారు చెప్పారు. నాలుగేళ్లుగా ఆ మాట నన్నెక్కడా మోసం చేయలేదు.

"ఎవరు చెప్పారమ్మా?" అన్నారాయన. చెప్పాను. చాడీ చెప్పినట్టయిందేమోనని ఆ రోజంతా టెన్షనే.

628 నాటికే బ్రహ్మగుప్తుడు ధనం అంటే ఆస్తి, ఋణం అంటే అప్పు అని లెక్కల నియమాలు రాసిపెట్టాడట. మేం మాత్రం ఏడో తరగతి దాకా అప్పన్నదే ఎరగనట్టు తీసివేతలు చేశాం, పక్క స్థానం నుంచి రోజూ అప్పు తెచ్చుకుంటూనే!

ఆ వారం నుంచి శనివారం చివరి పీరియడ్‌లో ఒకటి నుంచి పదో తరగతి దాకా లెక్కలు చెప్పేవాళ్లంతా స్టాఫ్ రూమ్‌లో కూర్చోవడం మొదలైంది. హాజరు పట్టీలు సర్దే పని నాది కాబట్టి ఆ మాటలు చెవిన పడేవి. ఒక పొడుగాటి నోటుబుక్కు ఉండేది. ఎడమ పేజీలో పిల్లలకు చెప్పే మాట, కుడి పేజీలో అది ఏ తరగతిలో చెడుతుందో. 'గుణిస్తే పెరుగుతుంది' అంటాం, ఎనిమిదిని అరతో గుణిస్తే నాలుగే. 'పదితో గుణిస్తే చివర సున్నా పెట్టు' అంటాం, 2.5 దగ్గర బోల్తా.

చిన్న తరగతుల తప్పులు దిద్దడానికే ఇదంతా అనుకున్నాను. నాలుగో వారమో ఏమో, మా మూడో తరగతి టీచర్ గారు నోరు విప్పారు. "సమీకరణాల్లో అటు తీసుకెళ్తే గుర్తు మారుతుంది అంటారు కదా సార్. ఎందుకు మారుతుంది?"

మాష్టారు కాసేపు మాట్లాడలేదు. "రెండు వైపులా అంతే తీసేస్తున్నాం. అది చెప్పడం ఎప్పుడో మానేశాను" అని, తన మాటను తనే ఎడమ పేజీలోకి ఎక్కించారు.

సోమవారం మూడో తరగతికీ మాకూ ఒకటే ప్రశ్న ఇచ్చారు: 7 + 5 = □ + 4. మా క్లాసులో సగానికి పైగా 8 బదులు 12 రాశాం, నాతో సహా. మూడో తరగతిలోనూ అంతే. సమాన గుర్తంటే 'జవాబు ఇక్కడ రాయి' అనే మా లెక్క! 1557లో దాన్ని అచ్చులోకి తెచ్చిన రాబర్ట్ రికార్డ్, రెండు సమాంతర రేఖలకంటే సమానమైనవి ఇంకేవీ ఉండవని వాటిని ఎంచుకున్నాడట. మా చేతిలో అది బాణం గుర్తైపోయింది.

పుస్తకాలేవీ మారలేదు. చెప్పే మాట మారింది, వేసే బొమ్మ మారింది. 'పోదు' బదులు 'తీస్తే సున్నా కిందికి పోతుంది, ఆ సంఖ్యలు పై తరగతిలో చూస్తారు' అనడం మొదలుపెట్టారు. సిలబస్సే అవ్వడం లేదు, మధ్యలో ఇదొకటా అని విసుక్కున్నవాళ్లూ ఉన్నారు, వాళ్లదీ అబద్ధం కాదు. అప్పటి పదో తరగతి వాళ్లకైతే ఇదేమీ అందనే లేదు.

మరుసటి ఏడాది ఒక సాయంత్రం నేనూ, నాలుగో తరగతి చదువుతున్న చెల్లీ పక్కపక్కన హోంవర్కు చేసుకుంటున్నాం. దానికి 23 × 24. పెట్టె గీసి నాలుగు గదులు చేసింది. పైన 20, 3. పక్కన 20, 4. గదుల్లో 400, 60, 80, 12. కూడితే 552. నేను (x + 3)(x + 4) చేస్తున్నాను. నాదీ అదే పెట్టె, అవే నాలుగు గదులు. అది నా పుస్తకంలోకి తొంగిచూసి అడిగింది:

"అక్కా, ఇరవై బదులు ఎక్స్ రాశావేంటి?"