నత్త నమలడం కోసం మూడు వారాలు

నేలనత్త తిండికి సంబంధించిన నాడీకణం మీద నా ప్రయోగం నిన్న సాయంత్రానికి గట్టెక్కింది. మెగ్నీషియం క్లోరైడ్‌తో నత్తకు మత్తునిచ్చి, అన్నవాహిక చుట్టూ ఉండే నాడీవలయాన్ని బయటికి తీయడం రెండు రోజుల్లోనే చేతికి వచ్చింది. కణంలోకి గుచ్చే సన్నని గాజు మైక్రోఎలక్ట్రోడ్‌ల తయారీ కూడా పెద్దగా ఏడిపించలేదు.

వెతకవలసినది మెటాసెరిబ్రల్ జెయింట్ సెల్ అనే పెద్ద నాడీకణం. తల గాంగ్లియాన్లలో, అంటే నాడీకణాల ముద్దల్లో, కుడి ఎడమలకు ఒక్కొక్కటిగా ఉండే ఈ కణం నాడీ సంకేత రసాయనమైన సెరటోనిన్‌ను విడుదల చేస్తుంది; 1966లోనే శాస్త్రవేత్తలు కాండెల్, టాక్ దీని విద్యుత్ లక్షణాలను వివరించారు. దాని తంతువు ఒక శాఖను పెదవి వైపు, మరొకదాన్ని రాడ్యులాను (పళ్లున్న నాలుకలాంటి అవయవాన్ని) కదిలించే బక్కల్ (నోటి) గాంగ్లియాన్లకు పంపుతుంది. మొదటి వారంలోనే ఆ కణం నాకు దొరికింది, విద్యుత్తు ఇవ్వగానే చక్కగా స్పందించింది కూడా. అయితే బక్కల్ గాంగ్లియాన్లలోని చలన నాడీకణాలు మాత్రం ఉలకలేదు, పలకలేదు.

లవణ ద్రావణాన్ని అనుమానించాను, ఆంప్లిఫయర్‌ను అనుమానించాను, చివరికి నత్త వయసును కూడా అనుమానించాను. అంతటితో ఆగక, ఈ జాతిలో ఆ రెండింటికీ సంబంధమే లేదేమోనని వారపు సమావేశంలో అందరి ముందూ కొత్త విషయం కనుగొన్నవాడిలా ప్రకటించాను. మరునాడు మా సీనియర్ సూక్ష్మదర్శినిలోకి ఒక్క క్షణం చూసి, "ఈ తీగ ఎందుకు తేలుతోంది, బాబూ?" అని అడిగారు. తల గాంగ్లియాన్ మీది గట్టి పొరను ఒలుస్తూ, బక్కల్ గాంగ్లియాన్లకు పోయే తంతువును ప్రతిసారీ నేనే తెంపుతున్నానని అప్పుడు తెలిసింది. ఆ గదిలో నవ్వనివాణ్ని నేనొక్కణ్నే. మాకిచ్చిన పద్ధతి పత్రంలో "పొరను జాగ్రత్తగా తొలగించాలి" అన్న ఒక్క వాక్యమే ఉంది. అది రాసినవారు ఒక్కసారైనా ఒలిచి చూశారా అని నాకు ఇప్పటికీ అనుమానమే. ఆ తంతువుకు దూరంగా ఉన్న అంచు నుంచి, కణం పైభాగం వరకే ఒలిస్తే చాలు.

తంతువు నిలిచాక కూడా నమలడం మొదలవలేదు, ఎందుకంటే ఆ లయ పుట్టేది బక్కల్ గాంగ్లియాన్లలోనే. పెద్ద కణం దాన్ని ఆజ్ఞాపించదు, సాగుతున్నదానికి ఊపునిస్తుంది, సెరటోనిన్‌తో కండరాల సంకోచాన్ని బలపరుస్తుంది. నిన్న పెదవి నాడిని ఉత్తేజపరచి, లయ మొదలైన తరువాత పెద్ద కణాన్ని కదిలించగానే నమలే వేగం పెరిగింది. ఆ రికార్డింగు చూపించడానికి సీనియర్‌ను పిలిస్తే, ఆయన తెర వైపు చూడకుండా ముందు సూక్ష్మదర్శినిలోకి వంగి తీగ ఉందో లేదో చూసుకున్నారు.